వర్షారణ్యములో పక్షుల కొరకు ఒక పగలు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



రజతోత్సవ సభలో గ్రంథాలయోద్యమమును గూర్చి ప్రసంగించుట పరిపాటి. ఆ పనిని నాకంటె సమర్థులు ఉదయముననే చేసియున్నారు. నన్ను కార్యదర్శిగారు పిలిచి, "మాస్టారూ, మీరు కేరళ పోయి పిట్టలను చూసి వచ్చిన సంగతి చెప్పండి. మన కుర్రాళ్లు వచ్చే మాఘమాసంలో అక్కడికే పోదామని డబ్బు కూడబెడుతున్నారు" అనిరి. పింఛను పుచ్చుకొను వయస్సున పిట్టల వెంట తిరుగుట యేమని నవ్వువారు కొందరు ముందు వరుసలోనే కూర్చుండియున్నారు. వారు నవ్వవచ్చును. మొదట నేను కూడ నవ్వినవాడనే. కాని పోదలచిన పిల్లలకు నేను చెప్పవలసిన మాట యొకటి యున్నది. అది నాకు గౌరవము తెచ్చు మాట కాదు. అందుచేత ముందు చెప్పక, చెప్పవలసిన చోటనే చెప్పెదను.

ఈ కథకు మొదలు కేరళములో లేదు. మన పశ్చిమగోదావరిలోనే యున్నది. కొల్లేటికి చేరువనున్న ఆరేడను గ్రామములో ఒకప్పుడు గూడబాతులు చెట్లపై వందలకొలది గూళ్లు కట్టి పిల్లలను పెంచెడివి. ఆ ఊరివారికి అది వింత కాదు. వింతయని గుర్తించినవాడు పాలక్కాడు ప్రాంతపు మలయాళి, కె. కె. నీలకంఠన్ అను ఆంగ్లోపాధ్యాయుడు. ఆయన 1946లో ఆ గూళ్లను చూచి, 1949లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారి పత్రికలో వానిని గూర్చి విపులముగా వ్రాసెను. తరువాతి దశాబ్దములలో ఆ గూళ్లు ఆరేడును విడిచిపోయినవి. నేడు గూడబాతు గూటిని చూడగోరువారు ఆటపాకలో అటవీశాఖవారు నీటిలో నిలిపిన ఇనుప మంచెల వద్దకు పోవలసియున్నది. ఆ నీలకంఠన్‌గారే 1958లో ‘ఇందుచూడన్’ అను కలముపేరుతో కేరళములోని పక్షులను గూర్చి మలయాళములో పెద్ద గ్రంథమును వెలువరించిరి. ఆ పుస్తకము చేత బట్టుకొని పొలముగట్ల వెంట తిరిగినవారు ఆ దేశములో ఒక తరముకంటె ఎక్కువయే యున్నారు. మన జిల్లా పక్షిని మనకు చూపిన పెద్దమనుష్యుని దేశమును ఒక్కమారు చూచి రావలెనని నాకు కోరిక కలిగెను.

మేము మువ్వురము బయలుదేరితిమి: నేను, మన గ్రంథాలయములో పుస్తకములు ఇచ్చు అబ్బాయి, డిగ్రీ చదువుచున్న చందాదారు ఒకడు. 2016 ఫిబ్రవరి నెల. ఆలువ స్టేషనులో రైలు దిగి, కోతమంగలమునకు బస్సులో పోయి, అచటి నుండి సుమారు 13 కిలోమీటర్లు పోయినచో తట్టేక్కాడు వచ్చును. పెరియారు నదికి ఉత్తరపు ఒడ్డున నున్న పల్లపు అడవి అది. తట్టేక్కాడనగా చదునైన అడవి యని యర్థము చెప్పుదురు. సుప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞుడు సాలిం అలీ, హైదరాబాదు సంస్థానములోని పక్షుల పరిశోధనము ముగించుకొని, 1933లో తిరువాన్కూరు, కొచ్చిన్ సంస్థానముల పక్షులను పరిశీలించుటకు వచ్చినపుడు ఇచట విడిసెను. ద్వీపకల్ప భారతమున ఇంతటి పక్షిసంపద గల తావు వేరొకటి లేదని ఆయన భావించెను. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట, 1983లో, దానిని అభయారణ్యముగా ప్రకటించిరి. నేడది ఆయన పేరనే యున్నది. విస్తీర్ణము 25 చదరపు కిలోమీటర్లు మాత్రమే. మన మండలమంతయైన లేని ఆ తావున 300 జాతులకు పైబడిన పక్షులను గుర్తించిరి.

అచట అంతయు మానవస్పర్శ యెరుగని కారడవి యని మీరు భావింపరాదు. టేకుతోటలున్నవి, చుట్టును రబ్బరుతోటలున్నవి, ఎల్లల లోపలనే జనావాసములున్నవి. ఆ ఎల్లలను గూర్చిన వివాదము చిరకాలముగా నడచినది. కాని నది వెంబడి, వాగుల వెంబడి సతతహరితారణ్యము, అనగా ఆకు ఒక్కమారుగా రాల్చని వానకారడవి, నిలిచియున్నది. మన పాపికొండలలో దట్టమైన అడవి లేదా యని అడుగవచ్చును. ఉన్నది, కాని అందెక్కువ భాగము వేసవిలో ఆకు రాల్చును. ఇచట నైరుతి ఋతుపవనము వెంట ఈశాన్య ఋతుపవనము కూడ వాన తెచ్చుటచే నేల ఆరుటకు వ్యవధి తక్కువ. మీకు తెలిసిన పోలిక చెప్పెదను. మన కొబ్బరితోటలో కొబ్బరి క్రింద కోకో, కోకో క్రింద పసుపు వేయుదుము గదా. ఆ మూడంతస్తులను ఆరేడంతస్తులుగా చేసి, పై కప్పును తాటిచెట్టు కంటె ఎత్తునకు లేపి, సందులన్నిటిని తీగెలతోను పేముతోను కుట్టివేసినచో వానకారడవి యగును. పక్షి ఏ అంతస్తులో నున్నదో తెలియక మనము మెడ నొప్పి పెట్టుకొనుటయే పగటిలో సగము పని.

మాకు దారి చూపినవాడు ఆ ఊరివాడే. రబ్బరుపాలు తీయు కుటుంబములో పుట్టి, ఇరువది యేండ్లుగా పక్షులను చూపుటయే జీవనముగా చేసికొన్నవాడు. అందరు ఆయనను ‘చేట్టా’ యనుచుండిరి. అన్నా యని యర్థము. నాకంటె చిన్నవాడైనను నేను కూడ అట్లే పిలిచితిని. ఆయన నన్ను ‘మాషే’ యనెను. వారి దేశమున బడిపంతులును అట్లు పిలుతురు. అరవము, ఇంగ్లీషు కలిపి మేము మాటాడుకొంటిమి.

తెల్లవారుజామున అయిదున్నరకే మమ్ము లేపి, ఆయన మొట్టమొదట చేసిన పని మా కుర్రవాని తెల్లచొక్కా మార్పించుట. రెండవ పని, వాని సెల్లుఫోను నోరు మూయించుట. జలగల కొరకు పొగాకుపొడియు ఉప్పును మూటగట్టి తెచ్చితిని గాని, ఫిబ్రవరిలో నేల పొడిగా నుండుటచే వానితో పని పడలేదు. వానకాలమున పోవువారు మోకాళ్ల దాక గుడ్డతొడుగులు వేసికొనక అడుగిడరాదు.

ఆరు గంటలకు ఒక బండరాతిపై నిలిచితిమి. క్రింద పొగమంచు. ఎవడో కుర్రవాడు దారిన పోవుచు, పాట సగములో మరచి మరల మొదలుపెట్టినట్లు ఈల వేయుచుండెను. ఇంత ప్రొద్దుననే వీడెవడని నేననుకొంటిని. చేట్టన్ నవ్వి "చూళక్కాక్క" అనెను. చూళమనగా ఈల, ఈలవేయు కాకి. వాగు ఒడ్డున నుండు నీలి వన్నె పక్షి యది. ఆంగ్లేయులు దానికి ఈలవేయు బడిపిల్లవాడని పేరు పెట్టిరి. అంతలో తలమీదుగా ఆవిరి యింజను వంటి చప్పుడు కదలిపోయెను. అది రెక్కల చప్పుడు. పచ్చని పెద్ద ముక్కుపై డిప్పవంటి కిరీటముతో రెండు పక్షులు నది దాటిపోయినవి. ‘మలముళక్కి వేళాంబల్’, అనగా కొండలను మారుమ్రోగించునది. కేరళ రాష్ట్రపక్షి యిదియే. మన కవులు చాతకమును గూర్చి చెప్పినట్లే, వాన కొరకు ఎదురుచూచు పక్షియని మలయాళులు వేళాంబలును గూర్చి చెప్పుకొందురు. ఆడుపక్షి పెద్దచెట్టు తొర్రలో దూరి, తొర్ర మొగమును మూసివేసికొని గ్రుడ్లు పొదుగును. సన్నని సందు మాత్రము మిగుల్చును. మగపక్షి మర్రి, మేడి వంటి పండ్లను తెచ్చి ఆ సందులోనుండి అందించుచు వారములకొలది ఆమెను పోషించును. ఆ మగపక్షి నొకదానిని చంపినవాడు ఒక్కదానినే చంపినవాడు కాడు. అంత పెద్ద తొర్రకు తగిన ముసలిచెట్టు పోయినచో పక్షికి ఇల్లును పోవును. చెట్టుకు పక్షితో కూడ పని యున్నది. తిన్న పండ్ల గింజలను దూరముగా జారవిడుచునది ఆ పక్షియే.

ఏడింటికి అడవిలోనికి దిగితిమి. ఇక రెండు గంటలసేపు ఒక్క పక్షియు కనబడలేదు. ఉన్నమాట చెప్పుచున్నాను. కూతలు మాత్రము వినబడుచుండెను; కనులకు ఆకులే. మన చెరువుగట్టుపై పదినిమిషములు నిలిచినచో ఇరువది జాతులను లెక్కింపవచ్చును. ఇంత డబ్బు పోసి వచ్చి ఆకులను చూచుటయా యని మా కుర్రవాడు నా చెవిలో గొణిగెను. నాకును అదే తోచుచుండెను.

అపుడు చేట్టన్ చేయి యెత్తి ఆగుమనెను. ఎక్కడనో లోహపు గంట వంటి ధ్వని. "కాడుముళక్కి," అని పెదవులతో మాత్రమే చెప్పెను. మన పశువుల వీపుపై నెక్కి తిరుగు పసులపోలిగాని చుట్టమది. తోక చివర రెండు సన్నని తీగెలు, వాని కొసల రెండు ఆకులు కట్టినట్లుండును. అది వచ్చిన వెంటనే, పెండ్లివారు విడిదింటిలో దిగినట్లు, అడవి నిండెను. నేలపొదలలో గుంపుపిట్టలు, నడిమి కొమ్మలలో పిగిలిపిట్టల చుట్టములు, మానులపై వడ్రంగిపిట్టలు, పై కప్పున చిన్నచిన్న పురుగుతిండి పిట్టలు. పది జాతులకు తక్కువ గావు. అన్నియు ఒకే దిక్కుగా కదలుచు మేయుచున్నవి. పొదలను కదల్చినపుడు లేచిన పురుగులను కాడుముళక్కి గాలిలోనే పట్టుకొనును. దానికి కూలి యేమనగా, డేగ కనబడినపుడు అరచి అందరను హెచ్చరించుట. ఒక్కొక్కమారు ఇతర పక్షుల బెదురుకూతలను అనుకరించునట. ఆ జాతర మా ముందు అయిదారు నిమిషములకంటె ఎక్కువ నిలువలేదు. పోయిన పిదప మరల ఆకులే. ఒకే పగటికి పోవువారు ఈ సంగతి ముందుగా తెలిసికొనవలెను. వానకారడవిలో నడిచినకొలది పక్షులు కనబడవు, నిలిచినకొలది కనబడును.

దారిలో మలబారు ట్రోగన్ అను పక్షిని చూచితిమి. రొమ్ము క్రింద కుంకుమ పూసినట్లుండును. వీపు మాత్రము ఎండుటాకు వన్నె. మనుష్యుని అలికిడి తెలిసినచో వీపు త్రిప్పి కదలక కూర్చుండును. పావుగంట నిలిచినను అది తిరుగలేదు. ఆ ఎఱుపును అది మెడ త్రిప్పినపుడు అంగుళము మాత్రము చూచితిమి.

ఇక నేను చెప్పవలసియున్న మాట.

ఆ అడవిలో కప్పనోటిపక్షి యొకటి గలదు. మలయాళములో ‘మాక్కాచ్చిక్కాడ’ యందురు. మాక్కాచ్చి యనగా కప్ప. పడమటి కనుమలలోను సింహళద్వీపములోను దప్ప ఎచటను లేదు. జేనెడు పక్షి, రాత్రి పురుగులను పట్టి తిని, పగలు తీగెపై ఎండుటాకుల గుత్తివలె నిశ్చలముగా నుండును. అలికిడియైనచో ముక్కు మింటికెత్తి విరిగిన కొమ్మ మొద్దువలె నటించును. చేట్టన్ పదునైదడుగుల దూరమున జంటను వ్రేలితో చూపినను నాకు కొంతసేపు ఆకులే కనబడెను. కనబడిన పిదప వింతపడితిని. అంతటితో తృప్తిపడియుండవలసినది. గూడేదైన నున్నదా యని నేను అడిగితిని. ఆయన తటపటాయించెను. ఉన్నది, వలదు అనెను. ఇంత దూరము వచ్చినవారము, మా గ్రంథాలయపు గోడపత్రికకు ఒక్క ఛాయాచిత్రము కావలెను అని బ్రతిమాలితిని. పెద్దవాడను, పంతులను, ఆయన కాదనలేకపోయెను.

మరియొక వాగు ఒడ్డున, ఛాతీ యెత్తు కొమ్మపై గూడు. గూడన్నను చాలదు, అరచేతిలో సగముకు మించని దిండు. సొంత నూగు ఈకలను పేర్చి, పైన చెట్టుపాచి అద్దినది. దానిపై మగపక్షి కూర్చుండెను. ఆ జాతిలో పగలు పొదుగువాడు మగవాడు, రాత్రి పొదుగునది ఆడుది. పెట్టునది ఒక్కటే గ్రుడ్డు. ఇరువదడుగుల వద్ద గీత గీసినట్లు కాలు చూపి, ఇది దాటవలదు, రెండు నిమిషములే అని చేట్టన్ చెప్పెను. నేను ఫోను తీసి చూచితిని. చిత్రములో పక్షి చింతగింజంత కూడ లేదు. ఒక అడుగు వేసితిని. మరియొకటి వేసితిని. మూడవ అడుగు క్రింద ఎండుపుల్ల విరిగెను. పక్షి లేచిపోయెను. ఆ దిండుపై తెల్లని గ్రుడ్డు, మీద నీడయైన లేక, అందరకు కనబడుచు నిలిచిపోయెను.

చేట్టన్ ఒక్క మాటయు అనలేదు. మా మువ్వురను భుజములు పట్టి వెనుకకు త్రిప్పి, వాగు మలుపు దాక నడిపించి, అచట కూర్చుండబెట్టెను. దాదాపు గంటసేపు కూర్చుంటిమి. పక్షి వచ్చినదో లేదో అచటి నుండి కనబడదు, చూడబోవుటకు వీలులేదు. బస్సు వేళ యగుటచే లేచితిమి. నేను అదనముగా ఇయ్యబోయిన డబ్బును ఆయన తీసికొనలేదు. మాట్లాడుకొన్న కూలి మాత్రము లెక్కించుకొని జేబులో నుంచుకొనెను.

ఊరికి వచ్చి ఇదే గదిలో, ఇదే బల్లవద్ద, మీలో చాలమందికి ఆ యాత్రను వర్ణించితిని. వేళాంబలును గూర్చి చెప్పితిని, ట్రోగనును గూర్చి చెప్పితిని. గోడపత్రికలో రెండు పుటలు వ్రాసితిని. ఆ గ్రుడ్డును గూర్చి వ్రాయలేదు.

రెండేండ్లకు, 2018 జనవరిలో, ఒంటరిగా మరల పోయితిని. చేట్టన్ నన్ను గుర్తుపట్టెను. బండరాతిపై నిలిచి ఎండ కొరకు కాచుకొనుచుండగా నేనే అడిగితిని.

"చేట్టా, ఆనాడు పక్షి తిరిగి వచ్చెనా?"

"వచ్చింది, మాషే. సాయంకాలం పోయి దూరం నుండి చూశాను. పక్షి గూటిమీద కూర్చుంది. మరునాడు కూడా కూర్చుంది."

"గ్రుడ్డు?"

"గ్రుడ్డు లేదు. మనం లేని సమయంలో ఏదో ఎత్తుకుపోయింది. ఉడుతో, కాకో, పామో. లేని గ్రుడ్డు మీద రెండు రోజులు కూర్చుని పోయింది."

అది నా వలననే జరిగెనని ఆయన అనలేదు. అడవిలో గ్రుడ్లు పోవుట నిత్యకృత్యమే. మనుష్యుడు రాకున్నను పోవును. అట్లనుకొని మనస్సు సరిపెట్టుకొనవచ్చును. కాని ఆనాటి నుండి తాను ఎంత డబ్బిచ్చినను ఎవరికిని గూడు చూపుట మానితినని ఆయన చెప్పెను. గూడు చూపు మార్గదర్శికి గిరాకి హెచ్చు. పెద్ద పెద్ద కెమెరాలతో వచ్చువారు గూటి కొరకే వత్తురు. చూపననువానిని విడిచి చూపువానివద్దకు పోవుదురు. నా మూడడుగుల వెల ఆయన రెండేండ్లుగా చెల్లించుచుండెనని నాకు తెలిసినది. ముద్రించిన కూతను యంత్రములో వినిపించి పక్షిని రప్పించు పద్ధతిని కూడ ఆయన చాలవరకు తగ్గించెను. పోటీదారు వచ్చినాడని భ్రమసి పక్షి మేత మాని, గూడు విడిచి వచ్చును. మనకది వినోదము, దానికది యుద్ధము.

ఆ రెండవ యాత్రలో నేను గూడడుగలేదు, ఛాయాచిత్రము తీయలేదు. సాయంకాలము ఆరు గంటల వేళ, చీకటి పడుచుండగా, నేలపై ఆకులలో రెండు పలుకుల ఈల వినబడెను. ఆకుపచ్చ వీపు, గోధుమవన్నె రొమ్ము, తోక క్రింద ఎఱుపు, రెక్కలో నీలము గల పొట్టితోక పిట్ట గంతులు వేయుచు ఆకులను త్రోసి పురుగులను ఏరుచుండెను. శాస్త్రజ్ఞులు దానిని ‘పిట్ట’ అనియే పిలుతురు. నేను పరిహాసమాడుటలేదు. చెన్నపట్టణపు కోటలో వైద్యుడైన ఎడ్వర్డు బక్లీ పంపిన సమాచారముతో 1713లో ఇంగ్లండున అచ్చయిన జాన్ రే గారి గ్రంథములో ఆ పక్షి ‘పొన్నంకి పిట్ట’ యను పేరున నెక్కినది. 1816లో వియెయో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ ప్రజాతికి మన ‘పిట్ట’ మాటనే శాస్త్రనామముగా నుంచెను. చేట్టనుకు ఆ సంగతి చెప్పితిని. ఆయన "అయితే ఇది మీ ఊరిదేనా?" అనెను.

ఆ ప్రశ్నకు నాకు సమాధానము తోచలేదు. ఆ పక్షి వానకాలమున మధ్యభారతపు అడవులలోను హిమాలయపు పాదభూములలోను గూడు కట్టి, చలికాలమునకు దక్షిణదేశమునకును సింహళమునకును పోవును. త్రోవలో అలసి ఊళ్లలో పడుటయు కలదు. తిరిగి వచ్చిన పిదప దాని బొమ్మను మన ఊరి కల్లుగీత పెద్దాయనకు చూపితిని. ఆయన ఇచటనే వెనుకవరుసలో నున్నారు. బొమ్మ చూడగానే, "కార్తీకంలో ఒకసారి మా దొడ్లో పడి ఉందయ్యా. బుట్ట కింద పెట్టి నీళ్లు పోశా. తెల్లారి ఎగిరిపోయింది" అనిరి. నలువది యేండ్లు బడిలో పాఠము చెప్పినవాడను. ఆ పిట్ట మన ఊరి మీదుగా పోవునని నాకు తెలియదు. తాటిచెట్ల పైనుండి ఊరిని చూచినవారికి తెలిసినది.

నాటి నుండి మన గ్రంథాలయపు బీరువాలో ఒక రూళ్ల నోటుబుక్కు నుంచితిమి. అందులో ఆ పెద్దాయన చెప్పిన పేర్లు ఇరువదియొకటి ఎక్కినవి. పదునాల్గింటిని బొమ్మల పుస్తకముతో సరిచూడగలిగితిమి. ఏడింటికి నాకు పక్షి దొరకలేదు. చేలలో తిరుగువారు ఎవరైనను వచ్చి వానిని పూర్తిచేయవచ్చును. చందా కట్టనక్కరలేదు.

పోదలచిన పిల్లలకు ఒక సంగతి. గతవారము చేట్టనుతో ఫోనులో మాట్లాడితిని. నలుగురకు మించి ఒకమారు తీసికొనిపోననెను. తెల్లచొక్కాలు వలదనెను. "పిట్టను చూపిస్తాను, మాషే. గూడు చూపించను. మీరడిగినా చూపించను" అనెను. సరేయని మీ అందరి తరఫున నేను మాట ఇచ్చితిని. ఆ మాటకు లోబడి పోదలచినవారు తమ పేర్లను కార్యదర్శిగారివద్ద వ్రాయించుకొనవలెను.